పదహారు కోళ్ళు, రెండు పొట్టేళ్ళు
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పదిహేను రోజుల క్రితం కార్యదర్శి గారు ఫోను చేసి, "మీరు స్పెయిన్ వెళ్ళొచ్చారటగా, ఓ ఇరవై నిమిషాలు మాట్లాడండి, ప్రత్యేక సంచికలో కూడా వేసుకుంటాం" అన్నారు. విదేశాలకు వెళ్ళొచ్చినవాడి చేతికి మైకు ఇవ్వడం ఎంత ప్రమాదమో మనందరికీ తెలుసు. రోడ్లు అద్దంలా ఉన్నాయనీ, ఎవరూ హారను కొట్టరనీ మొదలుపెడతాడు. అవేవీ నేను చెప్పను. ఒక్క ఊళ్ళో, ఒక్క చర్చిలో, ఒక్క గోడ ముందు నేను నిలబడిన ముప్పావు గంట గురించి చెబుతాను. అక్కడ నాకు దేవుడు కనబడ్డాడంటే మీరు సంతోషిస్తారు గానీ, ఉన్న మాట చెప్పాలి గదా. నాకు కనబడింది ఒక ఎరియర్స్ కేసు.

మా అమ్మాయీ అల్లుడూ ఉద్యోగరీత్యా మాడ్రిడ్‌లో ఉంటారు. 2023 ఏప్రిల్‌లో మా ఆవిడా నేనూ వెళ్ళి రెండు నెలలు ఉన్నాం. మనవడికి అప్పుడు ఎనిమిదేళ్ళు. అక్కడి బడిలో చదువుతున్నాడు కనుక వాడికి స్పానిష్ వాన కురిసినట్టు వస్తుంది, తెలుగు మాత్రం అడుగుల లెక్కన వస్తుంది. ఒక శనివారం అల్లుడు, "మామయ్య గారూ, టొలెడో చూపిస్తాను, పాత ఊరు, మీకు నచ్చుతుంది" అన్నాడు. మాడ్రిడ్‌లో అతోచా స్టేషన్‌లో రైలెక్కితే అరగంటలో టొలెడో. 1919లో కట్టిన ఆ స్టేషన్ భవనం చూసి ముందు ఇదే కోట కాబోలు అనుకున్నాను. మన రైల్వే మిత్రులు ఎవరైనా వెళితే అక్కడే ఓ గంట ఉండిపోతారు. టికెట్టు కిటికీల దగ్గర కూడా అరబ్బీ పద్ధతి చెక్కుడు పని.

ఊరు కొండ మీద ఉంది. తాహో అనే నది మూడువైపులా చుట్టి పోతుంది, పాముచుట్ట మధ్య శివలింగం పెట్టినట్టు. 1085లో ఆల్ఫోన్సో అనే ఆరవ రాజు పట్టుకునేదాకా ముస్లిం పాలకులది. ఆ తర్వాత కూడా ముగ్గురు మతస్థులూ చాలాకాలం పక్కపక్క వీధుల్లో బతికారు. 1561లో రాజు కొలువు మాడ్రిడ్‌కు తరలిపోవడంతో ఊరు పెరగడం ఆగిపోయింది. మాబోటి యాత్రికులకు అదే మేలైంది. పాతవి పాతవిగానే మిగిలాయి. 1986లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

ఊరి మధ్య చౌకును సొకొదొవేర్ అంటారు. అరబ్బీలో పశువుల సంత అని అర్థమట. అక్కడిదాకా బస్సులో ఎక్కాం. అక్కడినుంచి అంతా నడకే. రాళ్ళు పరిచిన సందులు, ఎగుడు దిగుడు. నా మోకాళ్ళ సంగతి మీకు తెలుసు. రెండిళ్ళకొక చోట ఆగి, దుకాణాలు చూస్తున్నట్టు నటిస్తూ నడిచాను. నటనలోనూ కొంత లాభం ఉంది. ఉక్కు పలక మీద బంగారు తీగ పొదిగే పని అక్కడ చూశాను. నల్లటి నేల మీద సన్నటి బంగారు లతలు. మన బీదరు పనివాళ్ళు నల్లబరచిన లోహం మీద వెండి తీగ పొదుగుతారే, దానికి దూరపు బంధువులా ఉంది. మా ఆవిడ, "మనింట్లో మీ నాన్నగారి పాన్‌దాన్ ఇలాంటిదే కదండీ" అంది. ఇలాంటిదే. కాకపోతే దాని మూత ఎక్కడుందో ఇప్పుడు తెలియదు.

పెద్ద చర్చి ఒకటి ఉంది, 1226లో మొదలుపెట్టి 1493 దాకా కట్టారు. అది చూడటానికి ఒక రోజు చాలదు. దాని గురించి చెప్పను. మేము వెళ్ళింది దానికి కొంచెం దూరంలో, సాంతో తోమే అనే చిన్న చర్చికి. చిన్నది అంటే నిజంగా చిన్నదే. ఇటుకల గంటస్తంభం లేకపోతే ఏదో పాత ఇల్లనుకుని దాటిపోతాం. ఆ స్తంభం చూడటానికి మసీదు మీనారులా ఉంటుంది. చర్చి కూడా ఒకప్పటి మసీదు స్థలంలో లేచిందేనంటారు. సాంతో తోమే అంటే సెయింట్ థామస్. మద్రాసులో మెరీనా దాటి మైలాపూరు వైపు పోతే శాంథోమ్ అని పేట ఉంది గదా, తెల్లటి పెద్ద చర్చి, 1896లో తిరిగి కట్టినది. ఆ థామసే ఈ థామస్. ఏసుక్రీస్తు శిష్యుల్లో మన దేశానికి వచ్చాడని చెప్పుకునే ఆయన. పోర్చుగీసువాళ్ళు పెట్టిన పేరు మద్రాసులో మిగిలింది. పరాయి దేశంలో మన పేట పేరు కనబడితే ఎవరో తెలిసినవాళ్ళింటికి వచ్చినట్టుంటుంది. మా ఆవిడ చెప్పులు విప్పబోయింది. అక్కరలేదని అమ్మాయి ఆపింది.

కొద్ది యూరోలు పెట్టి టికెట్టు కొనుక్కుని పక్క తలుపులోంచి వెళితే ఒక చిన్న గది. ఎదుట గోడ నిండా ఒకే ఒక్క బొమ్మ. సుమారు 4.8 మీటర్ల ఎత్తు, 3.6 మీటర్ల వెడల్పు. వేసినవాడు ఎల్ గ్రెకో. అది అసలు పేరు కాదు, గ్రీకువాడు అని అర్థం. క్రీట్ ద్వీపంలో 1541లో పుట్టి, 1577లో టొలెడో చేరి, 1614లో అక్కడే పోయాడు. అసలు పేరు దొమెనికోస్ తెయొతొకోపులోస్. పేరు పలకలేక ఊరివాళ్ళు గ్రీకాయన అనేశారు. మన ఆఫీసుల్లో తమిళ సూపరింటెండెంటు గారిని పేరు పెట్టి పిలవలేక అరవాయన అన్నట్టు.

బొమ్మలో ఒక శవసంస్కారం జరుగుతోంది. ఉక్కు కవచం తొడిగిన ఒక పెద్దమనిషి దేహాన్ని ఇద్దరు మెల్లిగా కిందికి దింపుతున్నారు. ఒకాయన ముసలివాడు, మతాధిపతి టోపీతో. ఇంకొకడు పడుచువాడు. ఇద్దరి బట్టలూ బంగారు జరీతో మెరుస్తున్నాయి. వాళ్ళ వెనక వరసగా నల్లబట్టలు, మెడ చుట్టూ తెల్లటి మడతల కాలర్లు వేసుకున్న ఊరి పెద్దలు. ఆ ముఖాలు చూడండి, మన సంఘం గ్రూపు ఫోటోలో ముఖాల్లాగే ఒక్కొక్కరిదీ ఒక్కో ఆలోచన. పై సగంలో స్వర్గం. మబ్బుల మధ్య ఇరుకు దారిలోంచి ఒక దేవదూత పొగలాంటి పసిబిడ్డను పైకి తీసుకుపోతున్నాడు, అది చచ్చిపోయినాయన ఆత్మ. పైనున్నవాళ్ళలో అప్పటికి ఇంకా బతికే ఉన్న రాజు రెండవ ఫిలిప్పును కూడా కూర్చోబెట్టాడు చిత్రకారుడు. ఆ రాజుగారికి పెన్షన్ ఉండి ఉంటే లైఫ్ సర్టిఫికెట్టు దగ్గర పేచీ వచ్చేది.

ఎడమవైపు కింద, చేతిలో దివిటీతో ఒక కుర్రాడు. వేలుపెట్టి చూపిస్తూ మనవైపే చూస్తాడు. వాడు చిత్రకారుడి కొడుకు హోర్హె మాన్వెల్. జేబులోంచి వేలాడే చేతిరుమాలు మీద 1578 అని వాడు పుట్టిన సంవత్సరం రాశాడు తండ్రి. అంటే బొమ్మ మొదలుపెట్టిన 1586లో వాడికి ఎనిమిదేళ్ళు. మా మనవడు వాడి ఎదురుగా నిలబడి, "తాతయ్యా, వీడు నా క్లాసే" అన్నాడు.

ఇప్పుడు అసలు సంగతి. బొమ్మ కింద గోడకు లాటిన్‌లో చెక్కిన పలక ఒకటి ఉంది. నాకు లాటిన్ రాదు. మన సంఘంలో ఎవరికీ రాదనే ధైర్యంతో చెబుతున్నాను. అక్కడ కొన్న చిన్న పుస్తకంలో దాని అర్థం స్పానిష్‌లో ఉంటే, మనవడు పైకి చదవడం, అమ్మాయి తెలుగులో చెప్పడం, నేను వినడం. మధ్యలో అల్లుడు లెక్కలు సరిచేయడం. అలా ఒక ఫైలు కట్ట విప్పినట్టు సంగతి బయటపడింది.

చచ్చిపోయిన పెద్దమనిషి గొన్సాలో రూయిజ్. ఓర్గాజ్ అనే ఊరికి ప్రభువు. ఆ ఊరు టొలెడోకు ముప్పై కిలోమీటర్ల పైచిలుకు దూరం. కాస్తిల్ రాజ్యానికి ప్రధాన నోటరీ, అంటే మనబోటి ప్రభుత్వ ఉద్యోగే, హోదా పెద్దది. ఈ సాంతో తోమే చర్చి పాడుబడి ఇరుకుగా ఉంటే సొంత ఖర్చుతో బాగుచేయించాడు. అగస్టీన్ సన్యాసులకు మంచి చోటు ఇప్పించి, వారి మఠం సెయింట్ స్టీఫెన్ పేరుమీద వెలిసేట్టు చేశాడు. 1323లో పోయాడు. ఖననం చేయబోతుంటే సెయింట్ అగస్టీన్, సెయింట్ స్టీఫెన్ ఇద్దరూ పైనుంచి దిగివచ్చి, తామే స్వయంగా దేహాన్ని గోతిలోకి దించారని ఊరి కథ. బొమ్మలో ముసలాయన, పడుచువాడు వాళ్ళే. చేసిన మేలు మరిచిపోలేదన్నమాట.

ఇంతవరకూ భక్తి. ఇక్కడినుంచి పలక స్వరం మారుతుంది. పైవాళ్ళ కృతజ్ఞత విన్నావు కదా, ఇక కిందివాళ్ళ సంగతి విను అన్న ధోరణిలో పడుతుంది. గొన్సాలో గారు వీలునామాలో ఒక ఏర్పాటు చేశాడు. ఓర్గాజ్ ఊరివాళ్ళు ప్రతి ఏటా ఈ చర్చి పూజారికి, సేవకులకు, పేటలోని పేదవాళ్ళకు రెండు పొట్టేళ్ళు, పదహారు కోళ్ళు, రెండు తోలుతిత్తుల ద్రాక్షసారా, రెండు మోపుల కట్టెలు, 800 మరవేదీలు చెల్లించాలి. మరవేదీ అంటే అప్పటి చిల్లర నాణెం. ఎన్నేళ్ళు? ఎప్పటికీ.

అమ్మాయి ఇది చెబుతుంటే నేను, "ఆగమ్మా, ఇంకోసారి చెప్పు" అన్నాను. శాకాహారులు నన్ను క్షమించాలి, నాకు ఆ కోళ్ళ మీద గౌరవం పుట్టింది. చూడండి ఆ పెద్దమనిషి తెలివి. నోటరీ గనుక తెలుసు. డబ్బు విలువ పడిపోతుంది, కోడి విలువ పడిపోదు. ఆ తర్వాతి కాలంలో, 1500ల్లో, అమెరికా గనుల వెండి ఓడలకెత్తి తెచ్చి స్పెయిన్‌లో పోసేసరికి ధరలు ఎన్నోరెట్లు పెరిగాయి. 800 మరవేదీలు పిసరంత అయిపోయాయి. పొట్టేలు మాత్రం పొట్టేలే, మోపు మోపే. మనం డి.ఆర్. కోసం ఏటా రెండుసార్లు జీ.ఓ. ఎదురుచూస్తాం. ఆయన ఏడువందల ఏళ్ళ క్రితమే డి.ఆర్. అక్కరలేని పెన్షన్ రాశాడు. పెన్షన్ అనే మాటకు మూలం లాటిన్‌లో పెన్సియో, తూచి చెల్లించేది అని. కోళ్ళను తూచి ఇచ్చారో, లెక్కపెట్టి ఇచ్చారో గానీ, రెండువందల ఏళ్ళకు పైగా ఓర్గాజ్ చెల్లించిందనే అనుకోవాలి.

తర్వాత మానేశారు. పలక చెప్పేదాన్నిబట్టి రెండేళ్ళపాటు ఎగవేశారు, కాలం గడిస్తే అందరూ మరిచిపోతారులే అని. 1564లో సాంతో తోమే పూజారి ఆంద్రెస్ నున్యెజ్ అనే ఆయన వయ్యదొలిద్‌లోని ఉన్నత న్యాయస్థానంలో దావా వేశాడు. వయ్యదొలిద్ అంటే పక్క వీధి కాదు. మాడ్రిడ్ దాటి, కొండలు దాటి, ఉత్తరాన. గుర్రాల మీద, కంచరగాడిదల మీద పోవాలి. అయిదేళ్ళు నడిచింది. 1569లో తీర్పు ఆయన పక్షాన వచ్చింది. ఓర్గాజ్ చెల్లించాల్సిందే.

మనవడు చదవడం ఆపి అడిగాడు. "తాతయ్యా, వాళ్ళెందుకివ్వలేదు? చెడ్డవాళ్ళా?"

కాదురా అన్నాను. వెంటనే వచ్చింది ఆ మాట. నాకు తెలుసు గదా. ఇచ్చే చోట కూర్చున్నవాడిగా నాకు తెలుసు. రెండువందల నలభై ఏళ్ళ క్రితం పోయిన మనిషి ముఖం ఎవరికి గుర్తు? పంటలు పండని ఏడాది ఎవరో పంచాయితీలో లేచి, ఈ కోళ్ళ లెక్క ఎక్కడ రాసుందో చూపించమనండి అని ఉంటాడు. ఒక్క ఆబ్జెక్షన్ చాలు. తర్వాత ఏడాదికి అది అలవాటైపోతుంది.

పూజారి నున్యెజ్ గారు గెలిచాక ఊరుకోలేదు. మళ్ళీ ఎవరూ మరిచిపోకుండా ఉండాలని పై అధికారుల దగ్గర అనుమతి తెచ్చుకుని, 1586 మార్చి 18న ఎల్ గ్రెకోతో ఒప్పందం రాయించుకున్నాడు. చిత్రకారుడు ఆ పేటవాసే, ఆ చర్చికి వచ్చేవాడే. బొమ్మలో ఏమేమి ఉండాలో, సమాధి పైన ఎంత మేర ఉండాలో అన్నీ రాశారు. వంద డుకాట్లు అడ్వాన్సు. మిగతాది, బొమ్మ అయ్యాక మధ్యవర్తులు వచ్చి విలువ కట్టిన ప్రకారం. ఆ క్రిస్మస్‌కల్లా పూర్తి చేయాలి. కాంట్రాక్టు గడువు ఏ దేశంలోనూ నిలిచింది లేదు, ఇదీ నిలవలేదు.

బొమ్మ అయింది. మధ్యవర్తులు 1,200 డుకాట్లు అన్నారు. అప్పుడు చూడండి నున్యెజ్ గారిని. తనకు రావలసిన కోళ్ళ కోసం అయిదేళ్ళు కోర్టు మెట్లెక్కిన ఆ మహానుభావుడు, తాను ఇవ్వవలసి వచ్చేసరికి, ఇది చాలా ఎక్కువ, ఒప్పుకోనన్నాడు! రెండోసారి విలువ కట్టించారు. కొత్త మధ్యవర్తులు 1,600 అన్నారు. ఆబ్జెక్షన్ పెట్టి ఎక్కువ తెచ్చుకున్న కేసు నా సర్వీసులో కూడా ఒకటో రెండో ఉన్నాయి. చివరికి అధికారులు మొదటి లెక్కే ఖాయం చేశారు. ఎల్ గ్రెకో, నేను పోపుదాకా పోతానని బెదిరించాడు. 1588 జూన్‌లో ఇద్దరూ 1,200కు రాజీపడ్డారు. టొలెడో పెద్ద చర్చికి వేసిన ఇంకో బొమ్మ విషయంలో కూడా ఆ చిత్రకారుడికి తనవైపు మధ్యవర్తులు కట్టిన 900 డుకాట్లలో సగం కూడా దక్కలేదు. పనిచేసినవాడి బిల్లు ఎప్పుడూ ఇంతే.

నేను అక్కడే టికెట్టు వెనక లెక్క వేశాను. డుకాటుకు 375 మరవేదీలు. 1,200 డుకాట్లంటే నాలుగున్నర లక్షల మరవేదీలు. ఏడాదికి 800 చొప్పున వేస్తే 562 ఏళ్ళ నగదు భాగం ఈ ఒక్క బొమ్మకు సమానం. మా ఆవిడ వచ్చి, "ఏమండీ, అందరూ దణ్ణం పెట్టుకుని పోతుంటే మీరేమిటి గోడ ముందు లెక్కలేస్తున్నారు?" అంది. ముప్పయ్యారేళ్ళ అలవాటు, ఏం చేయను?

కానీ నేను నిలబడింది లెక్కల కోసం కాదు. ఆమెకూ అప్పుడు చెప్పలేదు. రైల్లో చెప్పాను. ఇవాళ మీకు చెబుతున్నాను.

1986లో, అంటే ఆ ఒప్పందానికి సరిగ్గా నాలుగువందల ఏళ్ళకు, నేనొక ఆఫీసులో పెన్షన్ సెక్షన్‌లో ఉన్నాను. ఏ ఆఫీసో అనవసరం. ఒక అటెండరు సర్వీసులో ఉండగానే పోయాడు. ఆయన భార్య ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు నా టేబులు మీదికి వచ్చాయి. సర్వీసు రిజిస్టరులో ఆమె పేరు చివర ఒకటి, దరఖాస్తులో మరొకటి. ఆబ్జెక్షన్ రాశాను. తప్పా? రూలు ప్రకారం తప్పు కాదు. నెలన్నరకు అఫిడవిట్‌తో వచ్చింది. జాయింట్ ఫోటో మీద అటెస్టేషన్ లేదు. తిప్పి పంపాను. మూడోసారి, పునర్వివాహం చేసుకోలేదనే ధ్రువపత్రం జత చేయలేదు. అదీ రాశాను. ఆమెకు అరవై దాటాయి. వెన్ను వంగిపోయింది. పల్లెటూరినుంచి రెండు బస్సులు మారి వచ్చేది. ఆ కాగితం ఎందుకో నేను చెబితే, నావైపు కాసేపు చూసి, "ఎవర్ని చేసుకోమంటావు బాబూ?" అంది.

సెక్షనంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె కూడా నవ్వింది.

ఒకసారి గుడ్డసంచిలో ములక్కాడలు తెచ్చింది. నేను ముట్టుకోలేదు. లంచం తీసుకోని గుమాస్తానని నాకు పేరు. ఆ పేరంటే నాకు గర్వం. సంచి తిరిగి ఇచ్చేసి, ఫైలు ట్రేలో పెట్టుకున్నాను. ఆ తర్వాత ఆడిట్ వాళ్ళు వచ్చారు, సంవత్సరాంతపు బిల్లులు వచ్చాయి, నేను పది రోజులు సెలవు పెట్టాను. ఆమె మొదటిసారి వచ్చిననాటి నుంచి పద్నాలుగు నెలలకు శాంక్షన్ అయింది. ఆర్డరు తీసుకోవడానికి కొడుకు వచ్చాడు. తలమీద జుట్టు ఇంకా మొలకలెత్తుతోంది. ఆమెకు రావలసిన బకాయి అంతా ఒక్క మొత్తంగా ఆ కుర్రాడి పేర పాస్ చేశాను. ఒక్క పైసా తేడా లేదు. కుర్రాడు నాకు దణ్ణం పెట్టి వెళ్ళాడు.

ఆ ఫైల్లో నా మీద ఎవరూ వేలు చూపించలేరు. ప్రతి నోటూ రూలు ప్రకారమే ఉంది. అందుకనే ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పే అవసరం రాలేదు. సాంతో తోమేలో ఆ కుర్రాడు వేలు చూపిస్తున్నది నిజానికి శవం వైపు. మా మనవడి ఈడువాడు, పుట్టిన సంవత్సరం జేబులో పెట్టుకుని, తిన్నగా నా ముఖంలోకి చూస్తూ. అక్కడినుంచి కదలడానికి నాకు కొంత సమయం పట్టింది.

మన దేశంలో ఈ డిసెంబరు 17 ఎలా వచ్చిందో పాతవాళ్ళకు తెలుసు, పిల్లల కోసం ఒక్క మాట. 1972లో రక్షణశాఖలో ఆర్థిక సలహాదారుగా రిటైరైన డి.ఎస్. నకారా గారు సుప్రీం కోర్టుకు వెళ్ళారు. 1979 మార్చి 31 అనే తేదీని గీత గీసి, దానికి ఇటు రిటైరైనవాళ్ళకే కొత్త లెక్క, అటువాళ్ళకు పాత లెక్క అనడం చెల్లదని 1982 డిసెంబరు 17న తీర్పు వచ్చింది. పెన్షన్ దయాధర్మం కాదు, చేసిన పనికి దక్కే హక్కు అని అందులో ఉంది. ఆ తీర్పు ప్రతిని మా సెక్షన్‌లో సైక్లోస్టైలు తీయించి పంచినవాళ్ళలో నేనొకణ్ణి. ఆమె వచ్చింది దానికి నాలుగేళ్ళ తర్వాత. ఆ ప్రతి అప్పుడు కూడా నా సొరుగులోనే ఉంది. నున్యెజ్ పూజారిని చూసి నేను ముందు నవ్వానన్నాను గదా, రైల్లో ఇది గుర్తొచ్చాక నవ్వు రాలేదు.

మా ఆవిడ అంతా విని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ములక్కాడలు తీసుకోవలసింది. కనీసం ఆవిడ మోత బరువన్నా తగ్గేది" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఎక్కువ సమయం తీసుకున్నాను, కార్యదర్శి గారు వాచీ చూస్తున్నారు. ఒక్క విన్నపం చేసి దిగిపోతాను. కిందటి నెల కార్యవర్గం ఒప్పుకుంది కనుక ప్రకటించవచ్చు. వచ్చే మంగళవారం నుంచి ప్రతి మంగళవారం ఉదయం పదిన్నర నుంచి ఒంటిగంట వరకు మన సంఘం గదిలో కిటికీ పక్క టేబులు దగ్గర నేను కూర్చుంటాను. ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు ఎక్కడైనా ఆగిపోయినవాళ్ళు ఎవరున్నా రండి, మన సభ్యులే కానక్కరలేదు. పి.పి.ఓ. నకలు, మరణ ధ్రువపత్రం, బ్యాంకు పాసుపుస్తకం, ఆధార్, ఆఫీసువాళ్ళు తిప్పి పంపిన లేఖ ఉంటే అదీ తెచ్చుకోండి. పేర్లలో తేడా ఉంటే భయపడకండి, దానికి ఏం రాయాలో నాకు బాగా తెలుసు. మెట్లెక్కలేనివాళ్ళు కబురు చేస్తే నేనే ఇంటికి వస్తాను. ఇద్దరు కుర్ర రిటైరీలు, అంటే డెబ్బై లోపువాళ్ళు, నాకు సాయం వస్తే బాగుంటుంది. పేర్లు ఇవాళే ఇవ్వండి.

పోతే, టొలెడోలో మజపాన్ అని ఒక మిఠాయి చేస్తారు. బాదంపప్పు, పంచదార, అంతే. రుచికి మన జీడిపప్పు పాకం అప్పగారిలా ఉంటుంది. అమ్మాయి మొన్న ఎవరో వస్తుంటే వాళ్ళ చేత రెండు పెట్టెలు పంపింది. టీ దగ్గర పెట్టించాను. షుగరు ఉన్నవాళ్ళు సగం ముక్కే తీసుకోవాలి, లెక్క మా ఆవిడ చూస్తుంది.